కోడి కూయకముందే తెలిసిన సంగతి: దేవుని భవిష్యద్ జ్ఞానం, మనిషి స్వేచ్ఛ

మనిషి రేపు ఏం చేస్తాడో దేవునికి నిన్ననే తెలుసు. అలాంటప్పుడు రేపు ఆ పని అతను తన ఇష్టంతో చేశాడని ఎలా అంటాం? సండేస్కూలు పిల్లలు అడిగే ప్రశ్న ఇదే, వేదాంత కళాశాలల్లో ముదిరిన పండితులు వాదించుకునేదీ ఇదే. జవాబు మాత్రం చాలాచోట్ల ఒక్క ముక్కలో తేల్చేస్తారు: “తెలియడం వేరు, చేయించడం వేరు.” ఆ మాట నిజమే. కాకపోతే దానితో ముడి సగమే వీడుతుంది. మిగతా సగం ఎక్కడ బిగుసుకుని ఉందో చూడకుండా వదిలేస్తే ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది.

ముందు మాటలు విడదీసుకోవాలి. ‘భవిష్యద్ జ్ఞానం’ అంటే జరగబోయేది ఎరిగి ఉండటం. ‘ముందుగా నిర్ణయించడం’ అంటే ఏం జరగాలో సంకల్పించడం. అపొస్తలుల కార్యములు 2:23లో యేసు శిష్యుడు పేతురు ఈ రెండింటినీ ఒకే ఊపిరిలో చెబుతాడు: క్రీస్తు అప్పగింపబడింది దేవుని నిశ్చయ సంకల్పం ప్రకారమే, ఆయన భవిష్యద్ జ్ఞానం ప్రకారమే. అదే వాక్యంలో, సిలువ వేయించి చంపింది మీరేనంటూ ఎదురుగా ఉన్న జనం మీద నేరం మోపుతాడు. రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం మొదటి పొరపాటు. ఇంకో పొరపాటు మన భాషలోనే పొంచి ఉంది. ‘తలరాత’ అనే మాట నాలుక మీద ఎంత సిద్ధంగా ఉంటుందంటే, దేవునికి ముందే తెలుసు అనగానే ‘రాసిపెట్టి ఉంది’ అని వినిపిస్తుంది. తలరాతలో మనిషి ఏం చేసినా ఫలితం మారదు. భవిష్యద్ జ్ఞానంలో అలా కాదు, మనిషి ఏం చేస్తాడన్నదే ఆ జ్ఞానంలోని విషయం. అతను వేరేలా చేసి ఉంటే దేవునికి తెలిసింది కూడా వేరేగా ఉండేది. మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఆరిజెన్ చెప్పిందీ ఇదే. దేవునికి తెలిసింది కనుక అది జరుగుతుందని కాదు, అది జరగబోతుంది కనుక దేవునికి తెలుసు.

మంట దగ్గర పేతురు

సిద్ధాంతాన్ని గాలిలో వదలకుండా ఒక రాత్రికి, యేసును పట్టుకున్న రాత్రికి, కట్టి చూడాలి. కోడి కూయకముందే నన్ను ఎరుగనని మూడుసార్లు అంటావని యేసు పేతురుతో చెబుతాడు. మార్కు సువార్తలోనైతే కోడి రెండుసార్లు కూయకముందే అని ఉంటుంది. చావవలసి వచ్చినా అలా అననని పేతురు గట్టిగా అంటాడు. కొన్ని గంటల తర్వాత ప్రధానయాజకుని ఇంటి ముంగిట, చలిమంట దగ్గర అతను కూర్చుని ఉండగా ఒక పనిపిల్ల మంట వెలుగులో ముఖం పట్టి చూస్తుంది. మొదటి బొంకు అక్కడ. కొంతసేపటికి రెండోది. లూకా లెక్కలో ఇంకో గంట గడిచాక మూడోది. ఈసారి పట్టించింది గలిలయ యాస.

ఈ మూడు మాటలకూ కారణాలు వెతికితే దొరికేవి ఏమిటి? భయం, అలసట, చుట్టూ శత్రువులు, నాలుక మీది యాస. రెండో బొంకుకూ మూడో బొంకుకూ మధ్య గంటసేపు లేచి వెళ్ళిపోయే తీరిక ఉంది, ఎవరూ పట్టి ఉంచలేదు. యేసు ముందే చెప్పిన మాట ఈ కారణాల్లో ఎక్కడా కనబడదు. పైగా ఆ మాట పేతురు మనసులోనే లేదు. కోడి కూసిన తర్వాత గాని అతనికి జ్ఞాపకం రాలేదని మత్తయి, మార్కు, లూకా సువార్తలు ప్రత్యేకించి చెబుతాయి. అంటే ముందుగా తెలియడం పేతురును నెట్టలేదు. ‘తెలియడం వేరు, చేయించడం వేరు’ అనే వాక్యానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన వేదాంతి అగస్టీన్, స్వేచ్ఛా సంకల్పం మీద 395 నాటికి ముగించిన తన చర్చలో దీనికి ఒక పోలిక ఇస్తాడు. జరిగిపోయినదాన్ని గుర్తుంచుకున్నంత మాత్రాన జ్ఞాపకం దాన్ని బలవంతంగా జరిపించినట్టు కాదు. జరగబోయేదాన్ని ఎరిగి ఉండటమూ అంతే. ఇంకో అడుగు ముందుకేసి, మనిషి తన ఇష్టంతోనే చేస్తాడని దేవునికి ముందే తెలిస్తే, ఆ ఇష్టం ఉండి తీరుతుందనే కదా అర్థం అంటాడు. అంటే భవిష్యద్ జ్ఞానం ఇచ్ఛను తీసేయడం లేదు, ఇచ్ఛ ఉందనడానికి అదే పూచీ పడుతోంది.

ముడి నిజంగా బిగిసేది ఎక్కడ

ఇక్కడితో ఆపేసే బోధకులే ఎక్కువ. కానీ ఎదుటివాడి వాదం ‘జ్ఞానం కారణమవుతుంది’ అన్నది కాదు. అది ఇలా నడుస్తుంది. పేతురు బొంకుతాడని వెయ్యేళ్ళ కిందటే దేవునికి తెలుసు. దేవునికి తెలిసింది తప్పదు. గడిచిపోయిన కాలాన్ని ఎవరూ మార్చలేరు, కాబట్టి వెయ్యేళ్ళ కిందట దేవునికి అలా తెలిసి ఉండటమూ ఇప్పుడు మారదు. అది మారక, దేవుడు పొరబడక ఉంటే, పేతురు ఆ రాత్రి బొంకకుండా ఉండే దారే లేదు. వేరే దారి లేనప్పుడు చేసిన పని స్వేచ్ఛ కాదు. ఈ మెట్లలో ఎక్కడా ‘కారణం’ అనే మాట రాలేదు. 1965లో తత్త్వవేత్త నెల్సన్ పైక్ ఈ వాదాన్ని పదును పెట్టి ముందుంచినప్పటి నుంచి తత్త్వవేత్తలు దీని చుట్టూ ఆగకుండా తిరుగుతూనే ఉన్నారు. పాత జవాబులన్నీ ఈ అయిదు మెట్లలో ఏదో ఒకదాన్ని పడగొట్టే ప్రయత్నాలే. ఏ జవాబు ఏ మెట్టు మీద దెబ్బ వేస్తుందో గమనిస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

ఒక తేలిక రకం వాదాన్ని మాత్రం ముందే పక్కకు నెట్టేయాలి. “దేవునికి తెలిస్తే జరిగి తీరాలి, దేవునికి తెలుసు, కాబట్టి అది తప్పనిసరి” అంటారు కొందరు. దీని తప్పు ఒక పోలికతో తెలుస్తుంది. బ్రహ్మచారికి భార్య ఉండే వీలే లేదు. ఈ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అలాగని ఫలానా బ్రహ్మచారి పెళ్ళి చేసుకోలేడని కాదు. చేసుకుంటే అతన్ని బ్రహ్మచారి అనరు, అంతే. ‘తప్పనిసరి’ అన్నది వాక్యం మొత్తానికి అంటుకుని ఉంది, ఆ మనిషికి కాదు. కూర్చున్నవాడిని చూస్తున్నప్పుడు అతను కూర్చుని ఉండక తప్పదు, కానీ లేవగల శక్తి అతనికి పోలేదు. కేథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో చేసిన విభజన ఇదే. అయితే గతం మారదన్న మెట్టును వాదంలో చేర్చగానే ఈ జవాబు ఒక్కటే సరిపోదు. అసలు పట్టంతా ఆ మెట్టు దగ్గరే ఉంది.

రోమన్ తత్త్వవేత్త బోయీథియస్ దెబ్బ మొదటి మెట్టు మీద, అంటే ‘వెయ్యేళ్ళ కిందటే’ అన్నదాని మీద. 524 ప్రాంతంలో మరణశిక్ష కోసం చెరసాలలో ఎదురుచూస్తూ రాసిన మనిషి ఆయన. దేవునికి ‘ముందు’ అనేదే లేదంటాడు. నిత్యత్వం అంటే అంతులేని జీవాన్ని మొత్తంగా, ఒక్కసారిగా, లోటులేకుండా కలిగి ఉండటం. రథం నడిపేవాడు పగ్గాలు లాగుతుంటే చూసేవాడి చూపు ఆ పగ్గాలను లాగదు. దేవుడు చూసేదీ అలాంటిదే. అక్వినాస్ దీన్నే కొండ మీదకు ఎక్కించాడు. దారిలో నడిచేవాడికి వెనక వచ్చేవాళ్ళు కనబడరు, ఎత్తున ఉన్నవాడికి దారంతా ఒకేసారి కనబడుతుంది.

ఈ చిత్రానికి అందం ఉంది, ఒక చిల్లు కూడా ఉంది. దేవుని జ్ఞానం కాలానికి బయట ఉండవచ్చు. యేసు పేతురుతో అన్న మాట మాత్రం కాలంలోనే పలికాడు. భోజనం అయ్యాక, ఒలీవల కొండ దారిలో, పదకొండుమంది చెవులకు వినబడేలా పలికాడు. ఆ శబ్దం గతంలో చేరిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేరు. పలికిన మాట తప్పరాదు కూడా. కాబట్టి నిశ్శబ్దంగా ఉన్న భవిష్యద్ జ్ఞానం కంటే నోటితో చెప్పిన ప్రవచనం చాలా కష్టమైన సమస్య. ఈ తేడాను పట్టించుకోని బోధ ఎంత చక్కగా ఉన్నా నేర్పుగా ప్రశ్న అడిగేవాడి ముందు నిలవదు.

14వ శతాబ్దంలో ఇంగ్లండులోని ఓకమ్‌కు చెందిన తత్త్వవేత్త విలియం నేరుగా మూడో మెట్టునే, గతం మారదన్నదాన్నే, పట్టుకున్నాడు. గతంలో ఉన్నవన్నీ ఒకే రకం కాదన్నాడు. రేపు వాన పడుతుందని నిన్న ఒకడు అన్నాడనుకోండి. అతను అన్నాడన్నది గట్టిపడిపోయిన సంగతి, ఇక మారదు. కానీ అతను అన్నది నిజమా కాదా అన్నది రేపటి మబ్బుల చేతిలో ఉంది. మాటకు నిన్నటి తేదీ ఉన్నా దాని వేరు రేపట్లో ఉంది. దేవునికి వెయ్యేళ్ళ కిందట తెలిసి ఉండటం ఈ రెండో రకం గతమని ఓకమ్ వాదన. పేతురు నోరు మెదపకపోయి ఉంటే దేవునికి ఆ సంగతి తెలిసి ఉండేదే కాదు. ప్రవచనాల విషయానికి వస్తే, అవి లోపల ఏదో ఒక షరతు దాచుకున్నవే అన్నాడు. యోనా నీనెవెలో 40 రోజుల గడువు చాటాడు, జనం మారారు, నాశనం ఆగింది. యోనాకు ఇది సరిపోతుంది. పేతురుతో చెప్పినదానిలో షరతు వెతికినా దొరకదు. అక్కడ ఓకమ్ పక్షం వాళ్ళు ఇప్పటికీ ఇబ్బంది పడతారు.

వేరే దారి లేకపోతే స్వేచ్ఛ లేదా

చివరి మెట్టును, వేరే దారి లేకపోతే స్వేచ్ఛ లేదన్నదాన్ని, కాదనేవాళ్ళ దారి పూర్తిగా వేరు. మనిషి తన కోరిక ప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా చేస్తే అది స్వేచ్ఛే, వేరేలా చేసే అవకాశం ఉండి తీరాలన్న నియమం అక్కర్లేదు అంటారు వీళ్ళు. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కరణ నుంచి పుట్టి కాల్విన్ బాట పట్టిన సంఘాల సంప్రదాయం మొత్తం మీద ఇటే మొగ్గింది. 1524లో డచ్ పండితుడు ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ రాశాడు. 1525లో జర్మన్ సంస్కర్త లూథర్ దానికి ఎదురు రాసి, దేవుని మార్పులేని భవిష్యద్ జ్ఞానం స్వేచ్ఛా సంకల్పం మీద పడే పిడుగు అన్నాడు. కాల్విన్ ఇంకా స్పష్టంగా, దేవునికి భవిష్యత్తు తెలిసేది ఆయనే దాన్ని నిర్ణయించాడు కనుక అన్నాడు. 1640లలో ఇంగ్లండులో కూర్చిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మాటలు తూచి వాడింది. దేవుడు నిర్ణయించినవేవీ అవి జరగబోతాయని ముందే చూసినందువల్ల నిర్ణయించినవి కావు, అయినా ఆయన నిర్ణయం ప్రాణుల ఇచ్ఛ మీద బలాత్కారం చేయదు అని రెండూ చెప్పింది.

వీళ్ళ బలం ఆదికాండము 50:20లో ఉంది. యోసేపును అన్నలు అమ్మేశారు, కీడు ఉద్దేశించే అమ్మారు. అదే పనిలో దేవుడు మేలు ఉద్దేశించాడు. ఒకే పని, రెండు ఉద్దేశాలు, ఒకటి రెండోదాన్ని కొట్టివేయలేదు. వీళ్ళ భారం కూడా ఇక్కడే ఉంది. కీడును కూడా దేవుడే నిర్ణయించి ఉంటే దానికి ఆయన జవాబుదారీ కాడని చెప్పడం అంత సులువు కాదు. ‘అనుమతించాడు’ అనే మాటతో దాటేద్దామంటే, కాల్విన్ స్వయంగా ఒట్టి అనుమతి అనే మాటను ఒప్పుకోలేదు. ఆయన అనుచరుల్లో చాలామందికి ఈ సంగతి గుర్తుండదు.

చర్చిల్లో నిజంగా గొడవయ్యేది రోమా 8:29 దగ్గర. ‘ఎవరిని ముందు ఎరిగెనో’ వారిని ముందుగా నిర్ణయించాడు అంటుంది ఆ వచనం. ఎవరు విశ్వసిస్తారో ముందే చూసి వారిని ఎన్నుకున్నాడన్నది డచ్ వేదాంతి ఆర్మీనియస్ పక్షం చదివే తీరు. కాల్విన్ పక్షం ఆ ‘ఎరుగు’ అనే మాట దగ్గరే ఆగి చదువుతుంది. ఇక్కడ ఎరిగింది సంగతులను కాదు, మనుషులను. ఆమోసు 3:2లో భూమి మీది వంశాలన్నింటిలో మిమ్మల్ని మాత్రమే ఎరిగి ఉన్నానని దేవుడు ఇశ్రాయేలుతో అంటాడు. మిగతా జనాల గురించి సమాచారం తెలియదని కాదు కదా, దగ్గరకు తీసుకున్నానని. ఆ మాటకున్న ఈ బలాన్ని తోసిపుచ్చడం కష్టం. కనుక ఈ ఒక్క వచనం మీదే ‘ముందే చూసిన విశ్వాసం’ అనే మేడ కట్టడం జాగ్రత్తగల పని కాదు. అలాగని ఆర్మీనియన్ వాదం ఈ వచనంతోనే కూలిపోదు. దేవుని భవిష్యద్ జ్ఞానాన్ని బట్టే ఎన్నిక అనే 1 పేతురు 1:2 ఉంది, పిలుపు అందరికీ అని చెప్పే వచనాలు ఉన్నాయి. 1610లో ఆర్మీనియస్ అనుచరులు నెదర్లాండ్స్‌లో 5 అంశాల విన్నపం ఇచ్చారు. 1618–19లో డోర్ట్ నగరంలో కూడిన సభ దాన్ని తోసిపుచ్చింది. ‘కాల్వినిజం అయిదు అంశాలు’ అని నేడు వల్లించేవి పుట్టింది ఆ విన్నపానికి జవాబుగానే.

కెయీలా ఊరి కథ

ముందే తెలిసి ఉండటం వల్ల దేవునికి ఒరిగేదేమిటి? వింత ప్రశ్నే కానీ లోతైనది. ఏం జరగబోతుందో ఖాయంగా తెలిసిపోతే దాన్ని ఆపడానికి ఆ తెలివి పనికిరాదు. ఆపితే అది జరగబోయేదే కాదు, తెలిసిందీ తప్పవుతుంది. భవిష్యత్తును నడిపించాలంటే ‘ఇలా అయితే అలా అవుతుంది’ అనే జ్ఞానం కావాలి. 1588లో జెస్యూట్ అనే కేథలిక్ సన్యాస సభకు చెందిన స్పెయిన్ పండితుడు లూయీస్ డి మోలీనా ప్రతిపాదించిన ‘మధ్య జ్ఞానం’ ఇదే.

దీనికి ఇష్టమైన వచనం 1 సమూయేలు 23లో ఉంది. దావీదు కెయీలా అనే ఊళ్ళో ఉన్నాడు. తనను చంపజూస్తున్న రాజు సౌలు వస్తాడా అని దేవుని అడిగాడు, వస్తాడని జవాబు. ఊరివాళ్ళు నన్ను అప్పగిస్తారా అని అడిగాడు, అప్పగిస్తారని జవాబు. అది విని దావీదు దాదాపు 600 మందితో ఊరు విడిచి వెళ్ళిపోయాడు. సౌలు రావడం మానుకున్నాడు, ఎవరూ ఎవరినీ అప్పగించలేదు. మరి దేవుడు చెప్పింది తప్పా? కాదు. దావీదు అక్కడే ఉండి ఉంటే ఏం జరిగేదో చెప్పాడు. మత్తయి 11:21లో తూరు, సీదోను అనే అన్యుల పట్టణాల గురించి యేసు మాట కూడా ఇదే వరసలోది. తాను గలిలయలో చేసిన అద్భుతాలు అక్కడ జరిగి ఉంటే వాళ్ళు మారుమనస్సు పొంది ఉండేవాళ్ళే.

మోలీనా వరస ఇది. సాధ్యమైనవన్నీ దేవునికి తెలుసు. ఏ పరిస్థితిలో పెడితే ఏ మనిషి తన ఇష్టంతో ఏం చేస్తాడో కూడా తెలుసు. ఆ రెండూ ఎరిగి ఏ లోకాన్ని సృష్టించాలో నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయంతో, నిజంగా జరగబోయేదంతా తెలిసి ఉంటుంది. పేతురును ఆ మంట దగ్గర, ఆ పనిపిల్ల ముందు ఉంచితే ఏమంటాడో దేవునికి తెలుసు. ఆ మాట మాత్రం పేతురుదే. మనిషి స్వేచ్ఛ, దేవుని సార్వభౌమత్వం రెండూ చేజారకుండా పట్టుకున్న ఏర్పాటుగా ఇది కనబడుతుంది.

చిక్కు ఎక్కడంటే, పేతురు ఇంకా పుట్టకముందే, సృష్టి నిర్ణయమైనా కాకముందే, ‘అతను అక్కడుంటే బొంకుతాడు’ అనే మాటను నిజం చేసేది ఎవరు? పేతురు లేడు. దేవుడే నిజం చేస్తాడంటే స్వేచ్ఛ పోయింది. ఎవరూ చేయకుండానే నిజమైతే, దేవునికి కూడా లోబడని సత్యాలు ముందే పడి ఉన్నట్టు. ఈ ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు నేటికీ రాలేదు. డొమినికన్లు అనే మరో సన్యాస సభవాళ్ళూ జెస్యూట్లూ దీని మీద ఎంతగా కొట్టుకున్నారంటే రోమ్‌లో ప్రత్యేక సంఘం వేసి ఏళ్ళ తరబడి విచారించారు. 1607లో పోప్ అయిదో పౌలు ఎవరి పక్షమూ తేల్చకుండా, ఒకరినొకరు తప్పుడు బోధకులనుకోవద్దని చెప్పి పంపేశాడు. పెద్దరికం గల తీర్పు అది.

భవిష్యత్తులోని స్వేచ్ఛాకార్యాలు ఇంకా లేవు కాబట్టి వాటిని ఖాయంగా తెలుసుకోవడానికి ఏమీ లేదు, అది దేవుని లోపం కాదు అనేవాళ్ళూ ఉన్నారు. ‘బహిరంగ దైవవాదం’ అనే ఈ పక్షం 1994 తర్వాత, బైబిలు అధికారాన్ని నొక్కి చెప్పే ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్ వర్గాల్లో పెద్ద దుమారం లేపింది. ఆదికాండము 22:12లో అబ్రాహాముతో ‘ఇప్పుడు నాకు తెలిసింది’ అన్న మాట, హిజ్కియా రాజుకు చావు తప్పదని చెప్పి మళ్ళీ 15 ఏళ్ళ ఆయుష్షు కలపడం వీళ్ళ ఆధారాలు. ఈ వచనాలను సూటిగా చదువుతారన్న గౌరవం వీళ్ళకు దక్కాల్సిందే. పేతురు దగ్గరే వీళ్ళ బండి ఆగుతుంది. పిరికితనం ఎరిగినవాడు ‘నువ్వు జారిపోతావు’ అనగలడు. మూడుసార్లు, ఈ రాత్రే, కోడి కూయకముందే అనడానికి స్వభావం మీద వేసే అంచనా చాలదు.

ప్రార్థనకూ ఓడకూ

ఈ చర్చ పుస్తకాల్లోనే ఉండిపోదు. దేవునికి అన్నీ తెలిస్తే ప్రార్థన ఎందుకని విశ్వాసి మానేస్తాడు. రక్షింపబడేవాళ్ళు ఎలాగూ రక్షింపబడతారని సువార్త చెప్పడం ఆగుతుంది. పాత గ్రీకులు దీనికి ‘సోమరి వాదం’ అని పేరు పెట్టారు. కోలుకునే రాత ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా కోలుకుంటాం, కాబట్టి పిలవడం దండగ అనడం. ఆరిజెన్ దీన్ని ఎత్తిచూపి మరీ కొట్టివేశాడు. దాని తప్పు ఏమిటంటే, ఫలితం ఒక్కటే ముందే తెలిసి ఉంటుంది, దారి మాత్రం తెలియదు అన్నట్టు మాట్లాడుతుంది. దేవునికి కోలుకోవడం తెలిస్తే వైద్యుణ్ణి పిలవడమూ తెలుసు. అడగకముందే మీ అక్కరలు తండ్రికి తెలుసు అన్న యేసు, మత్తయి 6:8 తర్వాత వెంటనే ఎలా అడగాలో నేర్పిస్తాడు. తెలుసు కనుక అడగనక్కర్లేదు అనలేదు, తెలుసు కనుక మాటలు పెంచనక్కర్లేదు అన్నాడు.

అపొస్తలుల కార్యములు 27లో ఈ సంగతి ఓడెక్కి సముద్రం మీదకు వెళ్తుంది. తుపానులో రోజుల తరబడి కొట్టుకుపోతున్న ఓడలో 276 మంది. ఒక్క ప్రాణానికీ హాని జరగదని, నీతో ఉన్నవారందరినీ దేవుడు నీకు అనుగ్రహించాడని దూత చెప్పాడని పౌలు అప్పటికే అందరికీ ప్రకటించాడు. ఫలితం ఖాయం. పద్నాలుగో రాత్రి లోతు తగ్గుతోందని తెలిసి, నావికులు ఓడ ముందువైపు లంగరులు వేస్తున్నట్టు నటిస్తూ పడవను నీళ్ళలోకి దించి జారుకోబోయారు. అప్పుడు అదే పౌలు శతాధిపతితో, సైనికులతో, వీళ్ళు ఓడలో ఉంటే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. ఇద్దరు పౌలులు లేరక్కడ. అందరూ బతుకుతారన్న నోటితోనే, నావికులు వెళ్ళిపోతే మీరు తప్పించుకోలేరన్నాడు. ఏది నిజమని సైనికులు వాదనకు దిగలేదు. పడవ తాళ్ళు కోసి దాన్ని నీళ్ళలో వదిలేశారు. తెల్లవారాక ఓడ ఇసుకలో కూరుకుని వెనుక భాగం బద్దలైంది. ఈదగలిగినవాళ్ళు ఈదారు, మిగిలినవాళ్ళు పలకల మీదా ఓడ చెక్కల మీదా తేలుతూ వచ్చారు, 276 మందీ ఒడ్డెక్కారు.